ఎమ్మిగనూరులో పచ్చదారం కట్టిన రోజులు

నేను లావుగా ఉంటాను. ఉద్యోగంలో చేరిన రోజూ లావే, రిటైరైన రోజూ లావే, మధ్యలో సన్నబడింది ఎప్పుడూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు నన్ను ఏదో అడగాలని వస్తారు. వచ్చి, అడగాల్సింది అడక్కుండా నా నడుము వైపు చూస్తారు, గోడ వైపు చూస్తారు, మళ్ళీ నా వైపు చూస్తారు. చూడండమ్మా, బాగా చూడండి. మా అమ్మ ఇట్లాగే ఉండేది, మా అవ్వా ఇట్లాగే ఉండేది. ఇద్దరూ చేలో పని చేసుకుంటూ ముసలితనం దాకా బతికారు. ఏం తినాలో జనానికి చెప్పే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగం ఈ ఒంటితోనే చేశాను, తల దించుకోకుండా చేశాను.

ఆదోని కేంద్రంగా నా పని. కాగితం మీద నా హోదా ఆరోగ్య విద్యాధికారి. జనం నోట్లో మాత్రం 'లావు మేడం'. ఎమ్మిగనూరు, మంత్రాలయం దారిలో ఊళ్ళు, అటు దేవనకొండ వైపు పల్లెలు, జీపు దొరికితే జీపులో, లేకపోతే బస్సులో తిరిగేదాన్ని. గోడకు బొమ్మల చార్టు తగిలించి మాట్లాడటమే పని. మొదట్లో దోమలు, విరేచనాలు, రక్తం తక్కువగా ఉండటం, ఇవే నా విషయాలు. చివరి సంవత్సరాలలో అంతా మారిపోయింది. అందరి చేతికీ ఫోను వచ్చింది, ఫోనులో డైట్లు వచ్చాయి. జొన్నరొట్టె తిని పెరిగిన మా వాళ్ళు ఒకరోజు పొద్దున లేచి జొన్న విషమన్నారు. ఇంకొన్నాళ్ళకు బియ్యం విషమన్నారు. ఒకాయన పళ్ళు తప్ప ఏదీ ముట్టడు, ఇంకొకామె చెంబెడు కొబ్బరినూనె తాగుతుంది. నేను డైట్లకు శత్రువును కాదు. డాక్టరును అడిగి, తమ ఒంటి తీరు చూసుకొని ఎవరు ఏం మానేసినా నాకేం బాధ లేదు. నాకు ఒళ్ళు మండేది ఒక్క మాటకే. 'అందరికీ ఇదే మందు' అన్న మాటకు.

అట్లాంటి కాలంలో ఎమ్మిగనూరుకు పచ్చదారం వచ్చింది.

తెచ్చినాయన మంచి మాటకారి. అందరూ ఆయన్ని గురువుగారు అనేవారు, నేనూ అట్లాగే అంటాను. ఆయన తెలివేమిటంటే తన పథ్యానికి డైట్ అని పేరు పెట్టలేదు, దీక్ష అన్నాడు. మన వైపు జనానికి దీక్ష కొత్త కాదు కదా. మాల వేసుకుంటే చెప్పులు వదిలేస్తారు, మండలం పాటు చన్నీళ్ళ స్నానం చేస్తారు, నియమం తప్పితే పాపమని వణికిపోతారు. ఆ భయాన్నీ ఆ భక్తినీ ఆయన తీసుకొచ్చి గుమ్మడికాయ రసానికి తగిలించాడు. కుడిచేతికి పచ్చదారం కట్టుకోవాలి. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం, మధ్యాహ్నం పచ్చికొబ్బరి, ఆకుకూర, పొద్దుగూకాక ఏమీ లేదు. జొన్న, బియ్యం, కొర్ర, ఏ గింజా నోట్లో పెట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి. చేతికి దారం ఉన్నంతకాలం మాత్ర గానీ సూది గానీ తాకకూడదు, తాకితే దీక్ష మైలపడుతుంది. మండలం అయిపోగానే సభ పెట్టి, తగ్గినవాళ్ళను వేదిక ఎక్కించి మాట్లాడించేవాడు. ఆ మాటల వీడియోలు ఊరంతా తిరిగేవి. అట్లా ఏడాది దాటింది.

నేనూ ఊరుకోలేదు. నేత కాలనీలో అంగన్‌వాడీ ముందర చార్టు తగిలించి గంటసేపు చెప్పాను. ఏ జబ్బుకు ఏ మాత్ర, ఎందుకు ఆపకూడదు, అన్నీ చెప్పాను. అంతా విని ఒకామె లేచింది.

"ఇన్ని సెప్తాండావు గదా మేడమ్మా, మరి నువ్వేంటికి తగ్గలేదు?"

అందరూ ఘొల్లుమన్నారు.

"నేను తగ్గేదానికి రాలేదమ్మా, నువ్వు పదికాలాలు బతకల్లని సెప్పేదానికి వచ్చినా" అన్నాను. నవ్వు ఇంకా పెరిగింది. చార్టు చుట్టుకొని జీపు ఎక్కాను.

జీపులో మా ల్యాబ్ టెక్నీషియన్ కూర్చొని ఉన్నాడు. ఆదోని మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, నా దగ్గర మాత్రం రెండూ కలిపి వెక్కిరింపు. "క్యా మేడం, ఈరోజు కూడా సన్మానం అయిందా?" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు.

"ఒక మాట సెప్తా, కోపం సేసుకోవద్దు. దీక్షోళ్ళ రక్తం నేనే గదా సూస్తాండా. సానామందికి షుగర్ బాగా తగ్గింది మేడం. మాత్రల్లేకుండానే తగ్గింది. గురువు సెప్పేదే నిజమేమో?"

నేను అతన్ని నాలుగు తిట్టాను. తిట్టాను గానీ ఆ పూట నాకిష్టమైన బొరుగుల ఉగ్గాని కూడా సహించలేదు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇప్పుడు అసలు ఇంటి సంగతికి వస్తాను. నేత కాలనీలో ఒక అత్తా కోడళ్ళు ఉండేవారు. గుంత మగ్గం ఇల్లు, అంటే నేసే మనిషి నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని నేస్తారు. నా చీరలు చాలావరకు ఆ ఇంటివే. అత్త నాకన్నా కొంచెం పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. కోడలికి చిన్నపిల్లగా ఉన్నప్పుడే షుగర్ వచ్చింది. పెద్దవయసులో వచ్చే షుగర్ కాదది. ఆ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ అనేది తయారే కాదు, బయటి నుంచి సూదితో ఇవ్వాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి మందు సీసాను మూలన తడి ఇసుక నింపిన కుండలో పెట్టుకునేవారు. ఆ ఇసుక ఎండిపోకుండా రోజూ నీళ్ళు చిలకరించేది అత్తే. పిల్ల మాత్రం సూది వేసుకోవాలంటే మగ్గం వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా వేసుకునేది. ఇరుగుపొరుగు చూస్తే రోగిష్టి పిల్లను తెచ్చుకున్నారంటారని సిగ్గు.

అత్తకు మోకాళ్ళ నొప్పులు, బరువు. గుంతలోకి దిగలేక మగ్గం మానేసింది. పచ్చదారం కట్టుకుంది. తగ్గింది! తగ్గలేదని నేనెందుకంటాను? కళ్ళముందు తగ్గింది, మళ్ళీ గుంతలోకి దిగి నేయడం మొదలుపెట్టింది. నేను పోయేసరికి చేతికి దారంతో, మొహం నిండా వెలుగుతో కూర్చొని ఉంది. రాగానే సంతోషంగా చెప్పింది.

"ఆదివారం సభలో దీనికి గూడ దారం కట్టిస్తాండా మేడమ్మా. గురువుగారే సొంతంగా కడతామన్నారు. ఏదిక మీదనే సూదులు ఆయప్ప సేతికి ఇచ్చేయల్లంట."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"అక్కా, నీ మోకాళ్ళు వేరే, దీని షుగర్ వేరే. దీనికి సూది అంటే ఊపిరి. రొండు మూడు దినాలు ఆపినావంటే పిల్ల దక్కదు."

"అట్ల అశుభం మాట అనొద్దు మేడమ్మా." ఆమె మొహం మాడిపోయింది. "దాని పొట్ట సూసినావా నువ్వు? పొడిసి పొడిసి గట్టిపడిపోయింది. బతికినన్నాళ్ళూ ఇట్లనే పొడుసుకోవల్లనా? నేను కన్న పిల్ల కాకపోయినా నాకు కడుపు తరుక్కపోతాది. నన్ను సూడు, ఎట్లుంటిని, ఎట్లయితిని. అంతమంది బాగుపడినారు. అందురూ అబద్ధమా?"

పిల్ల పక్కనే కండెలు చుడుతోంది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్టలవి. చేతులు ఆపకుండానే అంది.

"అత్త నా కండ్ల ముందరే బాగయింది మేడం. నాకు గూడ ఆశ ఉండదా?"

ఏమని చెప్తాను? ఆశ పెట్టుకోవద్దనా? దండెం మీద కొత్తగా నేసి గంజి పెట్టిన చీర వేలాడుతోంది. లేచిపోయి దాన్ని తీశాను, చెంబులో నీళ్ళు తెచ్చి కొంగు అంచు తడిపి, రంగు వదులుతుందా అని నా తెల్ల రుమాలుతో రుద్దాను. అక్క నవ్వింది.

"మా ఇంట్లో గూడ పరీక్షనా మేడమ్మా? ఇన్నేండ్లుగా తీసుకుంటాండావు!"

"నువ్వే గదక్కా నేర్పినావు. గంజి మీదున్నప్పుడు ఏ చీరయినా బాగుంటాది, ఉతికినాకనే సంగతి తెలుస్తాదని."

"అవు, ఉతికినాకనే."

"మరి చీరకు సేసే పరీక్ష కోడలికి సెయ్యవా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. నేను వదల్లేదు.

"సభలో మాట్లాడేవాళ్ళంతా కొత్తగా తగ్గినోళ్ళే. గంజి మీదున్న చీరలే. పోయినేడు అదే మైకులో మాట్లాడినోళ్ళు యాడున్నారక్కా? ఒక్కరినన్నా సూసినావా? ఇప్పుడెట్లున్నారో అడిగినావా?"

"నేను యాడని ఎతుకుదు మేడమ్మా వాళ్ళని?"

"నేను ఎతుకుతా. ఆదివారం సభకు తెస్తా. వాళ్ళ మాట వినే వరకు పిల్లకు దారం కట్టించనని మాటియ్యి."

ఆమె చేతి దారాన్ని ఒకసారి తిప్పుకుంది. "సరే. నువ్వు తేకపోతే మాత్రం కట్టిస్తా" అంది. అట్లా ఆ పిల్ల ప్రాణం నా తిరుగుడు మీద పడింది.

కాలనీ ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని మొదలుపెట్టాను. పాత వీడియోలలో మొహాలు చూసి మనుషులను పట్టుకోవడం. తల ప్రాణం తోకకు వచ్చింది. పోయినేడు మైకు ముందు గంతులేసినవాళ్ళు నన్ను చూస్తే తలుపు వేసుకునేవారు. దీక్ష తప్పినవాళ్ళమని సిగ్గు. మంత్రాలయంలో లాడ్జి కింద పూజ సామాను అంగడి పెట్టుకున్న ఒకాయన దొరికాడు. మళ్ళీ బొజ్జ వచ్చేసింది. "ఆకలికి తట్టుకోలేక దారం ఇప్పేసి తుంగభద్రలో వదిలేసినా మేడం, సామి క్షమిస్తాడులే అని" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. ఎమ్మిగనూరులోనే బట్టలు కుట్టే ఒకామె బీపీ మాత్ర ఆపేసి ఆదోని బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడో మనిషి ఆదోని పత్తి మార్కెట్టులో గుమాస్తా. ఆయన్ను చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. సన్నగా, చురుగ్గా, నిగనిగలాడుతూ ఉన్నాడు. సంవత్సరం దాటినా తగ్గిన ఒళ్ళు తగ్గినట్టే ఉంది. ఈయన సభకు వస్తే గురువుకే లాభం. అయినా ఎవరిని దాచిపెట్టి ఎవరిని చూపిస్తాం? మంచి జరిగినవాళ్ళనూ పిలవాలి, లేకపోతే నాకూ ఆయనకూ తేడా ఏముంది? ధైర్యం చేసి అడిగాను. ఆయన మమ్మల్ని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేశాడు.

"మీకు సెప్తాండా గానీ యాడా అనొద్దు మేడం. నేను షుగర్ మాత్ర ఆపలేదు. బెల్లం డబ్బా ఎనకాల పెట్టుకొని దినామూ మింగినా. గింజలు తగ్గించినా, నడిసినా, ఒళ్ళు తేలికయింది, అంతా నిజమే. కానీ మాత్ర ఆపేకి భయమాయ. అందురూ నియమంగా ఉంటే నేనొక్కడినే దొంగపని సేసినానని ఇంతవరకు ఎవురికీ సెప్పలేదు."

నేను ఆశా కార్యకర్త వైపు చూశాను. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తోంది.

"ఏమ్మే?"

"మేడం... దీక్ష వచ్చినాక గూడ నా సంచిలో మాత్రలు ముందు మాదిరే అయిపోతాండాయి. సెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. పేర్లు మాత్రం అడగొద్దు మేడం."

పేర్లు నేను అడగలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా కోపమొచ్చింది. మామూలు డైటు అయితే మాత్ర వేసుకుంటున్నామని ఎవరైనా మొహమాటం లేకుండా చెప్పేవారు. ఇది దీక్ష కదా! అందుకని ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి డబ్బా వెనకాల వాళ్ళు దాచుకొని మింగారు. ప్రతి ఒక్కరూ తాము ఒక్కరే తప్పు చేశామనుకున్నారు. మాత్ర చేసిన మేలంతా గుమ్మడికాయ రసం లెక్కలోకి పోయింది. నమ్మి నిజంగా ఆపేసినవాళ్ళే పడిపోయారు. ఈ సంగతి ల్యాబ్ టెక్నీషియన్‌కు చెప్తే నుదురు కొట్టుకున్నాడు.

"యా అల్లా! నా మిషన్ మాత్రలకు మార్కులేస్తే గురువు పాసయినాడా మేడం!"

ముగ్గురూ సభకు వస్తామన్నారు. వచ్చి కూర్చుంటాం గానీ నోరు విప్పేది లేదన్నారు. సరే, ముందు రండి అన్నాను.

శనివారం మా ఆఫీసరు పిలిచాడు. మంచి డాక్టరు, మంచి మనిషి, కాకపోతే ఎవరితోనూ పెట్టుకోడు.

"ఆ సభకు ఊరి పెద్దలందరూ వస్తున్నారట. మీరు వెళ్ళి గొడవ చేయొద్దు. మన శాఖకు ఎందుకండీ ఈ తలనొప్పి?"

"రేపు ఆదివారం సార్. ఆదివారం నేను శాఖ కాదు."

"నేను చెప్పానని గుర్తుపెట్టుకోండి."

"బాగా గుర్తుంటుంది సార్."

ఎమ్మిగనూరులో కల్యాణ మంటపం. గుమ్మానికి పచ్చ తోరణాలు, వేదిక మీద పచ్చ తెర, ఎక్కడ చూసినా పచ్చ దారాలే. ముందు వరసలో అక్కా కోడలూ. పిల్ల ఒడిలో చిన్న గుడ్డసంచి, అందులో ఇన్సులిన్ సీసా, సూదులు. అక్క చేతిలో టిఫిన్ డబ్బా. దారం కట్టించుకుంటే ఇక గింజ ముట్టకూడదు కాబట్టి, ఆఖరిసారి కడుపునిండా తినమని జొన్నరొట్టె చేసుకొని తెచ్చిందట. నా ముగ్గురూ వెనక వరసల్లో విడివిడిగా కూర్చున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

కొత్తగా తగ్గినవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడారు. చప్పట్లు మోగాయి. అప్పుడు గురువుగారు నన్ను చూశాడు.

"మన ఆరోగ్య శాఖ మేడంగారు కూడా వచ్చారు, చాలా సంతోషం. తల్లీ, మొదటి దారం మీకే కడతాను, రండి. ఊరికి చెప్పే ముందు మన ఒళ్ళు మనం చూసుకోవాలి కదా!"

మంటపం మొత్తం నవ్వింది. పిలిచింది ఆయనే కదా, పోయాను. మెట్లెక్కి, దారం కట్టడానికి చాచిన ఆయన చేతిని తప్పించుకొని మైకు అందుకున్నాను.

"కనపడతాండానా అందురికీ? కనపడకుండా యాడికి పోతాలే, ఆఖరి వరసోళ్ళకు గూడ కనపడేంత ఉండా." మళ్ళీ నవ్వు. "నవ్వండి. అయిపోయిన దాకా నిలబడతా, నాకేం తొందర లేదు."

నవ్వు దానంతట అదే తగ్గింది. అప్పుడు అడిగాను.

"మీ డైటు మంచిదని గానీ సెడ్డదని గానీ నేను సెప్పను. మీరు నేతోళ్ళు, ఒక్క మాట సెప్పండి. గంజి సూసి ఎవురన్నా చీర కొంటారా?"

"ఎవురు కొంటారు మేడమ్మా?" అని ఎవరో అన్నారు.

"ఉతికినాక సూస్తారు గదా? మరి పోయినేడు ఇదే ఏదిక మీద మాట్లాడినోళ్ళు లేసి నిలబడండి. ఎట్లున్నారో సూద్దాం."

ఎవరూ లేవలేదు. అంగడాయన పైకప్పు చూస్తున్నాడు, బట్టలు కుట్టే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురువు చిరునవ్వుతో మైకు కోసం చేయి చాచాడు. ఇవ్వలేదు. ఆయన మైకు లేకుండానే పిల్లను పిలిచాడు, "రామ్మా, ముహూర్తం దాటిపోతుంది." అక్క నా వైపు చూసింది. మాటిచ్చావు, తేలేదు కదా అన్నట్టు చూసి, కోడలి భుజం మీద చేయి వేసి లేపింది. పిల్ల సంచి పట్టుకొని మెట్ల దాకా వచ్చేసింది.

"నేనుండా."

వెనక నుంచి గుమాస్తా లేచాడు.

"పోయినేడు ఈడ మాట్లాడినా. నాకు బాగయింది, లేదనను. కానీ మాత్ర ఒక్క పూట గూడ ఆపలేదు. దాసిపెట్టుకొని మింగినా. తప్పయితే తిట్టండి గురువుగారూ."

తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు సన్నగా వచ్చింది. "నేను గూడ మింగినా." ఇంకెవరో, "అయ్యో, నువ్వు గూడనా!" అక్కడి నుంచి ఇక ఆగలేదు. ఒక మొగుడూ పెళ్ళామూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే ఇంట్లో మింగారట, ఇద్దరూ అక్కడే పోట్లాటకు దిగారు. బట్టలు కుట్టే ఆమె కొంగు తీసి గట్టిగా చెప్పింది, "నేను నమ్మి ఆపినా. బస్టాండులో పడిపోయినా. నన్ను లేపింది గుమ్మడికాయ కాదు." గురువుగారు మొహం ఎర్రగా చేసుకొని, "నియమం తప్పినవాళ్ళ మాటలు వినకండి, ఇది పాపం" అని అరిచాడు.

అప్పుడు అక్క లేచి నిలబడింది.

"నేను గూడ మింగినా" అంది.

కోడలు మెట్ల మీదే ఆగి వెనక్కి తిరిగింది.

"బీపీ మాత్ర. కండెల పెట్టె అడుగున దాసిపెట్టి దినామూ మింగినా. నేనొక్కదాన్నే దొంగననుకుంటిని." ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. "నా మాత్ర నేను దాసుకొని మింగి, దాని సూది మాత్రం ఈయప్ప సేతిలో పెట్టమంటినే! నేనేం మనిషిని? నేనేం అత్తని?"

అని చేతి దారాన్ని పళ్ళ మధ్య పెట్టి, మగ్గం మీద దారం కొరికినట్టు కొరికేసింది. పక్కనున్న ముసలామె బెదిరిపోయి, "దీక్ష దారం తెంపితే అరిష్టమే" అంది.

"దారం తెగితే అరిష్టమా? మా ఇంట్లో దినానికి ఎన్ని తెగుతాయో నీకు తెల్దా? ముడేసుకొని నేసుకుంటాం. ఈ పిల్ల పోతే యాడ ముడేసేది?"

దాని తర్వాత ఆ సభలో ఎవరి చేతికీ ఎవరూ దారం కట్టలేదు.

తర్వాతి సంగతులు చెప్పేస్తాను, దాచుకోవడానికేం లేదు. గురువుగారు మాయమేమీ కాలేదు. వేరే ఊళ్ళో వేరే రంగు దారం కడుతున్నాడని విన్నాను. ఎమ్మిగనూరులో ఇప్పటికీ కొందరు పొద్దున్నే గుమ్మడికాయ రసం తాగుతారు, తాగనీయండి, పక్కన మాత్ర కూడా పెట్టుకుంటున్నారు. అక్క గింజలు తగ్గించుకునే ఉంది, మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ సభ పుణ్యమా అని నన్ను దూరంగా తుగ్గలికి డెప్యుటేషన్ మీద పంపించారు. "చెప్పాను కదండీ" అన్నాడు ఆఫీసరు. "చెప్పారు సార్, గుర్తుంది" అన్నాను. తుగ్గలిలో నీళ్ళకు ఇబ్బంది, రొట్టెలు మాత్రం చాలా బాగుంటాయి. అక్కడా ఇదే ప్రశ్న అడిగాను. ఎవరు ఏమనుకున్నా అడిగాను, రిటైరయ్యే రోజు దాకా అడుగుతూనే ఉన్నాను.

పిల్లలూ, మీకు ఇంకా చాలా డైట్లు ఎదురవుతాయి. వాటి పేర్లు నాకు తెలియవు, తెలుసుకునే ఓపికా లేదు. పోయినేడు చేసినవాళ్ళు ఇప్పుడెట్లా ఉన్నారు, దాంతోపాటు ఇంకేం మింగారు, అని అడగండి. అడిగి, వాళ్ళు సిగ్గుపడకుండా చెప్పేదాకా ఆగండి. మిమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వితే ఏం పోతుంది? నా ఒంట్లోంచి ఒక్క తులం కూడా పోలేదు.

సభలో ఆఖరున జరిగింది మాత్రం ఇంకా చెప్పలేదు.

జనం లేచి గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. భోజనం వేళయింది. అక్క కళ్ళు తుడుచుకొని వేదిక అంచు మీద టిఫిన్ డబ్బా పెట్టి మూత తీసింది. ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి పిల్ల వేలి మీద చుక్క రక్తం తీసి మిషన్‌లో చూశాడు, "చలో, వేసుకొని తినమ్మా" అన్నాడు. పిల్ల గుడ్డసంచి తీసుకొని, అలవాటు ప్రకారం వేదిక మీది పచ్చ తెర వెనక్కి నడిచింది.

"యాడికి పోతాండావు మే?" అంది అక్క.

"సూది ఏసుకొని వస్తా అత్తా."

"ఈడనే ఏసుకో. అందురూ సూడనీ."

పిల్ల జనం వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను గురువుగారి ఖాళీ కుర్చీ లాక్కొచ్చి వేదిక మధ్యలో వేశాను. కూర్చుంది. సూదిలోకి మందు ఎక్కించుకుంది. అక్క పక్కన నిలబడి రొట్టె తుంచుతోంది. ఆ పిల్లకు చాటు కావాలంటే, ఆ మంటపంలో నా అంత చాటు ఇవ్వగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. నేను ఆ పిల్ల ముందర నుంచి పక్కకు జరిగి నిలబడ్డాను.